పలకా, నోటుపుస్తకమూ: తెలుగు ప్రాథమిక విద్యలో ‘దిద్దడం’ చరిత్ర – బోయిగూడ నేపథ్యం

వ్యాససంగ్రహం:

ప్రాథమిక తరగతుల పిల్లలకు రాత నేర్పే పద్ధతి తెలుగునేల మీద ఎలా మారుతూ వచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ పంపిన నివేదిక, మద్రాసులో ఆండ్రూ బెల్ చేసిన ఇసుకరాత ప్రయోగం, 1868 నాటి ఫలితాధార గ్రాంటు విధానం, నిజాం రాజ్యంలోని ఉర్దూ లేఖన సంప్రదాయం ఇందుకు ప్రధాన ఆధారాలు. పిల్లలు రాసే తలం తుడవగలిగేదిగా ఉన్నంతకాలం తప్పు అభ్యాసంలో భాగంగా ఉండేదనీ, కాగితం ఆ స్థానాన్ని ఆక్రమించాక తప్పు సాక్ష్యంగా మారిందనీ ఇందులోని ప్రతిపాదన. సికింద్రాబాదులోని బోయిగూడ వంటి బహుభాషా బస్తీలో ఈ మార్పు పర్యవసానం చివరి భాగంలో చర్చకు వస్తుంది.

కీలకపదాలు: ఓనమాలు, వీధిబడి, పలక, కడితం, దస్తూరి, ఫలితాధార గ్రాంటు, తఖ్తీ, బోయిగూడ.

1. ఉపోద్ఘాతం

సికింద్రాబాదు రైల్వేస్టేషనుకు కూతవేటు దూరంలో ఉన్న బోయిగూడ పేరులోనే ఆ చోటి సామాజికచరిత్ర కొంత కనిపిస్తుంది. బోయీలు పల్లకీలు, మేనాలు మోసి బతికినవారు. 1806లో సికిందర్ జా పేరిట వెలసిన సికింద్రాబాదులో దండు ఉండేది. దండును ఆశ్రయించి తెలుగు, తమిళం, ఉర్దూ, మరాఠీ మాట్లాడే కుటుంబాలు చేరాయి. 1874లో రైలు వచ్చింది. రైలును ఆశ్రయించి కలప అడితీలు, గోదాములు, కూలీల బస్తీలు పెరిగాయి. ఈ వలస ఇప్పటికీ ఆగలేదు. 2022 మార్చి 23న బోయిగూడలోని ఒక తుక్కు గోదాములో చెలరేగిన మంటల్లో ప్రాణాలు కోల్పోయిన 11 మంది కార్మికులూ బిహార్ నుంచి వచ్చినవారే.

ఇటువంటి బస్తీలో ఒకటో తరగతిలో చేరే పిల్లల ఇంటిభాషలు వేరువేరుగా ఉంటాయి. అయితే బడిలో వారందరి చేతికీ అందేది ఒకే రకమైన వస్తువు: గీతలు కొట్టిన నోటుపుస్తకం. ఆ పుస్తకంలో రాసినది నిలుస్తుంది. ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో సున్నా చుట్టిన చోటు కూడా నిలుస్తుంది. తల్లిదండ్రులు చూస్తారు, తనిఖీ అధికారి చూస్తాడు. పిల్లవాడికి అక్షరం మీద పట్టు చిక్కకముందే అతని తప్పులు దస్త్రంలోకి ఎక్కుతాయి. ఈ ఏర్పాటు మనకు ఎంత సహజంగా కనిపిస్తున్నా, తెలుగు చదువుల చరిత్రలో ఇది కొత్తది. అంతకుముందు చాలాకాలం పిల్లలు తొలి అక్షరాలను తుడిచిపోయే తలాల మీదే నేర్చుకున్నారు.

2. ‘దిద్దు’ ధాతువు

తెలుగులో ‘దిద్దు’ అనే క్రియకు రెండు అర్థాలు పక్కపక్కనే ఉన్నాయి. అక్షరాలు దిద్దడమంటే ముందే ఉన్న అక్షరరూపం మీద వేలినో బలపాన్నో మళ్ళీమళ్ళీ నడిపించడం. తప్పులు దిద్దడమంటే సరిచేయడం. బొట్టు దిద్దుతాం, కాటుక దిద్దుతాం, కాపురం చక్కదిద్దుతాం, జవాబుపత్రాలు దిద్దుతాం. గురజాడ 1910లో ప్రకటించిన కథకు ‘దిద్దుబాటు’ అని పేరు పెట్టినప్పుడు ఈ రెండో అర్థమే ముందుకు వచ్చింది. మొదటి అర్థంలో కర్త పిల్లవాడు. రెండో అర్థంలో, బడికి సంబంధించినంతవరకు, కర్త ఉపాధ్యాయుడు. వీధిబడిలో ఈ రెండు పనులూ ఒకే చేతి కింద, ఒకే గుంటలో జరిగేవి. పంతులు పిల్లవాడి వేలు పట్టుకొని ఇసుకలో నడిపిస్తున్నప్పుడు రాయించడం ఎక్కడ ముగిసి సరిచేయడం ఎక్కడ మొదలయిందో విడదీసి చూపలేము. నేటి బడిలో ఈ రెంటి మధ్య కనీసం ఒక రాత్రి ఎడం ఉంటుంది. పిల్లవాడు ఇవాళ రాస్తే పుస్తకం రేపు దిద్దబడి వస్తుంది.

3. వీధిబడిలో రాత: 1823 నాటి సాక్ష్యం

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822 జూన్ 25న రాజధానిలోని దేశీయ పాఠశాలల వివరాలు సేకరించాలని ఆదేశించాడు. జిల్లాల నుంచి వచ్చిన లెక్కల ప్రకారం మొత్తం 12,498 పాఠశాలలు, కళాశాలలు ఉన్నాయి. వాటిలో 1,88,650 మంది చదువుతున్నారు. చాలామంది కలెక్టర్లు అంకెలు పంపి ఊరుకున్నారు. బళ్లారి కలెక్టరు అలెగ్జాండర్ డంకన్ కాంప్‌బెల్ మాత్రం 1823 ఆగస్టు 17న పంపిన నివేదికలో బడి లోపలి వ్యవహారాన్ని వర్ణించాడు. ఇతడు 1816లో తెలుగు వ్యాకరణాన్ని, తర్వాత నిఘంటువును ఇంగ్లీషులో ప్రకటించిన పండితుడు కూడా. అప్పటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కలిసి ఉండేది. జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. అంటే సగటున బడికి 12 మంది. తెలుగుబడులు 226, కన్నడబడులు 235. ఇంతకంటే రెండుభాషల సరిహద్దుకు తగిన లెక్క ఉండదు.

కాంప్‌బెల్‌ను ఆశ్చర్యపరచిన మొదటి విషయం క్రమం. ఐరోపా పిల్లలు అక్షరాల పేర్లు పలకడంతో మొదలుపెడితే, ఇక్కడి పిల్లలు వేలితో ఇసుకలో రాయడంతో మొదలుపెడుతున్నారని అతడు గమనించాడు. అంటే చదవడం రాతలోంచి పుట్టింది. మన పెద్దలు ‘గుంట ఓనమాలు’ అన్నది దీనినే. ఇసుకలో వేలు ఆరితేరాక గంటంతో తాటాకు మీదనో, రెల్లుకలంతో కాగితం మీదనో రాసే అర్హత వస్తుంది. కాని ఆ జిల్లాలో ఎక్కువగా వాడుకలో ఉన్నవి ఈ రెండూ కావని అతడే చెప్పాడు. ఒకటి అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు ఉన్న చెక్క. దానిని నునుపుచేసి అన్నం, బొగ్గుపొడి కలిపి పూసేవారు. రెండోది గంజిపెట్టి బిగుసుకునేలా చేసిన గుడ్డను పుస్తకంలా మడతలు పెట్టి, బొగ్గు, బంకలు పూసి తయారుచేసినది. తడిగుడ్డతో తుడిస్తే రెండింటి మీది రాతా పోయేది.

కాంప్‌బెల్ వీటికి ఇచ్చిన పేర్లను ఇంగ్లీషు లిపిలోంచి తిరిగి మన లిపిలోకి తెచ్చుకుంటే చక్కని ఆధారం దొరుకుతుంది. మొదటిదానిని అతడు ‘హుల్లిగి’ అన్నాడు. పదాది పకారం కన్నడంలో హకారమవుతుంది కనుక ఇది కన్నడ ‘హలగె’, మన ‘పలక’. రెండోది ‘కడత’, మన కడితం. రాసే సాధనం ‘బుల్తప’. గట్టిపడిన తెల్లసుద్ద వంటిదని వర్ణించాడు, అది బలపమే. రాతిపలక తెలుగు పల్లెలకు రాకముందే పలకా బలపమూ ఉన్నాయన్నమాట. రాయి వచ్చి చెక్క స్థానంలో కూర్చుంది, పేరు మారలేదు. చాలాకాలం తర్వాత కూడా పిల్లలు పలకకు బొగ్గూ దొండాకు పసరూ రుద్ది నలుపుచేసుకునే అలవాటులో ఆ పాతపూత జ్ఞాపకం మిగిలి ఉంది.

ఈ క్రమంలో ఒక ఆర్థికసూత్రం పనిచేసింది. ఇసుకకు ఖర్చు లేదు. చెక్కపలక ఒకసారి చేయిస్తే ఏళ్లు వస్తుంది. తాటాకు మీద గంటం గీసిన గీత చెరగదు. చేయి తిరగని పిల్లవాడికి ఇస్తే ఆకు చిరుగుతుంది. అందువల్ల చెరిగే తలం తొలిమెట్టుకు, చెరగని తలం చేయితిరిగినవాడికి కేటాయింపయ్యాయి. పేదరికం విధించిన ఈ ఏర్పాటే బోధనాపరంగా మేలుచేసిందని నా అభిప్రాయం. తొలి రెండు మూడు సంవత్సరాల్లో పిల్లవాడు చేసిన వేలకొద్దీ తప్పుల్లో ఒక్కటి కూడా మర్నాటికి మిగిలేది కాదు.

ఓనమాలు అనే తొలిపాఠం నిర్మాణాన్ని కూడా లిపిదృష్టితో చూడాలి. ‘ఓం నమః శివాయ సిద్ధం నమః’ అనే వాక్యాన్ని అక్షరమక్షరంగా విడదీసి దిద్దించేవారు. దీని మతస్వభావం గురించి చాలామంది రాశారు. లేఖనస్వభావం గురించి అంతగా పట్టించుకోలేదు. ఇందులో అచ్చు ఉంది (ఓ), తలకట్టుతో వట్టి హల్లు ఉంది (న, య), గుడి ఉంది (శి, సి), దీర్ఘం ఉంది (వా), ఒత్తు, సున్న ఒకేచోట ఉన్నాయి (ద్ధం), విసర్గ ఉంది (మః). కొమ్ములు, ఎత్వ ఒత్వాలు తప్ప తెలుగు అక్షరం ఎన్నివిధాలుగా పెరగగలదో తొలిపాఠంలోనే చేతికి తెలుస్తుంది. వర్ణమాలను అ, ఆ, ఇ, ఈ వరుసలో మొదలుపెట్టే నేటి పుస్తకంలో పిల్లవాడు ఒత్తును కలుసుకోవడానికి నెలలు పడుతుంది. ఆలోగా వాడుకలో లేని ౠ వంటి రూపాలతో కొన్నిచోట్ల కుస్తీ పడవలసి వస్తుంది. సిద్ధం అనే మాటతో అక్షరాభ్యాసం చేయించడం చాలా పాతది. 7వ శతాబ్దిలో భారతదేశానికి వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్ పిల్లలు ఆరోయేట ఆ పేరుగల తొలిపుస్తకంతో చదువు మొదలుపెట్టేవారని రాశాడు.

పై తరగతుల రాత గురించి కాంప్‌బెల్ చెప్పిన ఒక సంగతి నేటి ఉపాధ్యాయశిక్షణలో చర్చకు రావలసినది. పంతులు ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలు, కాగితాలు సేకరించి, రకరకాల చేతిరాతలను పిల్లలచేత చదివించేవాడు. ఉత్తరాలు రాయడం, ఒప్పందపత్రాలు తయారుచేయడం నేర్పేవాడు. కరణాల గొలుసుకట్టు రాత చదవలేనివాడికి ఊళ్లో చదువరి అనే పేరు దక్కదు. అంటే ఒకే ఆదర్శరూపాన్ని అనుకరించడం లక్ష్యం కాదు. అక్షరం ఎన్ని చేతుల్లో ఎన్నివిధాలుగా వంకర్లు పోతుందో తెలిసి, దానిని గుర్తుపట్టగలగడం లక్ష్యం.

అలాగని ఈ బడులను స్వర్గధామాలుగా చూపనక్కరలేదు. ధరంపాల్ 1983లో ఈ నివేదికలను సమగ్రంగా ప్రచురించిన తర్వాత అటువంటి ధోరణి బలపడింది. అదే కాంప్‌బెల్ నివేదికలో కోదండం వేయడం, గుంజీలు తీయించడం కూడా ఉన్నాయి. పొద్దున మొదట వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు, రెండోవాడి చేతిలో సున్న, మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు. ఆలస్యం పెరిగేకొద్దీ దెబ్బలు పెరిగేవి. మొత్తం విద్యార్థుల్లో బాలికలు 60 మందే. దళితుల పిల్లలకు ఆ అరుగుల మీద చోటే లేదు. ఇసుక ఉచితం కావచ్చు. అరుగు ఎవరి ఇంటిదన్నదే అసలు ప్రశ్న.

4. మద్రాసు ఇసుక లండను చేరిన వైనం

ఈ పద్ధతి విశేషాన్ని కాంప్‌బెల్ కంటే ముందే గుర్తించినవాడు స్కాట్లండుకు చెందిన ఆండ్రూ బెల్. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనిక అనాథబాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడయ్యాడు. ఒక మలబారు బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి, తన ఆశ్రమంలోనూ అలాగే నేర్పమన్నాడు. అక్కడి ఉపాధ్యాయుడికి అది రుచించలేదు. దాంతో బెల్ ఎనిమిదేళ్ల కుర్రవాడైన జాన్ ఫ్రిస్కెన్‌కు ఆ తరగతి అప్పగించాడు, పని జరిగింది. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పే ఈ ఏర్పాటును 1797లో లండనులో పుస్తకంగా ప్రకటించాక అది ‘మద్రాసు పద్ధతి’ అయింది. ఇంగ్లండులోని పేదపిల్లల బడుల్లోకి ఇసుకపళ్లేలు వచ్చాయి. కాంప్‌బెల్ తన నివేదికలో ఈ దేశీయపద్ధతి పొదుపును మెచ్చుకుంటూ ఇంగ్లండు దానిని అనుకరించిందని గుర్తుచేయడం ఇందువల్లనే.

ఇంకో శతాబ్దం తర్వాత ఇదే సూత్రం మరోదారిన తిరిగి వచ్చింది. 1907లో రోములోని సాన్ లోరెంజో మురికివాడలో మరియా మాంటిస్సోరి గరుకుకాగితంతో అక్షరాలు కత్తిరించి, పిల్లలచేత వేలితో దిద్దించింది. పిల్లలు చదవడానికి ముందే రాయడం మొదలుపెట్టారని ఆమె ప్రకటిస్తే ప్రపంచం విస్తుపోయింది. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి శిక్షణతరగతులు నిర్వహించింది. అప్పటినుంచి మన నగరాల్లో గరుకు అక్షరాల పెట్టె ఖరీదైన బడులకు గుర్తుగా మారింది. గుంట ఓనమాలను మోటుపద్ధతిగా వదిలేసిన తరమే దీనికి రుసుము చెల్లించింది.

5. అచ్చు, పరీక్ష, కాగితం

వీధిబడి రాతను మార్చిన శక్తులు రెండు. మొదటిది అచ్చు. 1832 ప్రాంతంలో వెలువడిన బాలశిక్ష, దాని వెనుక పెరిగిన పెద్దబాలశిక్ష పంతులు చేతిరాత స్థానంలో అచ్చక్షరాన్ని ఆదర్శంగా నిలిపాయి. ఒక మాదిరి స్థిరపడినప్పుడు మిగిలినవన్నీ లోపాలుగా కనిపించడం మొదలవుతుంది. చేతిరాతలో విరివిగా ఉన్న వలపలగిలక క్రమంగా వెనకబడింది. అరసున్న, బండి ఱ తర్వాతి కాలంలో పాఠ్యపుస్తకాల నుంచి తొలగాయి. గొలుసుకట్టు చదవడం బడి పాఠాల్లోంచి పూర్తిగా జారిపోయి, దస్తావేజుల రాతగాళ్ల వృత్తివిద్యగా మిగిలింది.

రెండోది, నా దృష్టిలో మరింత లోతైనది, పరీక్ష. ఇంగ్లండులో 1862 నాటి సవరించిన నియమావళి చదవడం, రాయడం, లెక్కలు అనే మూడు అంశాల్లో ప్రతి పిల్లవాడినీ పరీక్షించి, ఉత్తీర్ణతను బట్టి బడికి డబ్బు ఇచ్చే పద్ధతి తెచ్చింది. 1868లో మద్రాసు రాజధానిలోనూ ఫలితాధార గ్రాంటు నియమాలు అమలయ్యాయి. వందలాది వీధిబడులు గ్రాంటు కోసం ఈ చట్రంలోకి వచ్చాయి. అంతవరకు పంతులుకు జీతం పిల్లల ఇళ్ల నుంచి వచ్చేది. ఇప్పుడు దానిలో కొంతభాగం పిల్లవాడి రాత నుంచి రావలసి వచ్చింది. రాత అనేది నేర్చుకునే దారిగా ఉన్నది కాస్తా చూపవలసిన సరుకయింది.

సరుకు చూపాలంటే అది నిలవాలి. పలక మీది రాత అధికారి కళ్లముందు రాయిస్తేనే సాక్ష్యం. అతడు గుర్రం దిగి కూర్చున్న ఆ గంటసేపే దాని ఆయుష్షు. కాపీపుస్తకం అలా కాదు, ఏడాది పొడుగునా జరిగిన పనిని ఒక్కచూపులో చూపగలదు. చూచిరాత, ఉక్తలేఖనం విడివిడి అంశాలుగా కాలపట్టికలో చేరడం, అక్షరాల గుండ్రదనానికి విడిగా మార్కులు రావడం ఈ తర్కానికి కొనసాగింపులే. ‘ముత్యాల్లాంటి అక్షరాలు’, ‘కోడి గెలికినట్లున్న రాత’ అనే మాటలు పిల్లవాడి క్రమశిక్షణ మీద, ఒక్కోసారి శీలం మీద తీర్పులుగా మారాయి.

పలక వెంటనే అంతరించలేదన్నదీ నిజం. 20వ శతాబ్దిలో ప్రకాశం జిల్లా మార్కాపురం రాతిగనుల పలకలు తెలుగునాట మూలమూలకూ వెళ్లాయి, విదేశాలకూ ఎగుమతి అయ్యాయి. కాగితం చౌకగా దొరకనంతకాలం ఒకటి రెండు తరగతులు పలక మీదే నడిచాయి. కాగితం, బంతికలం చౌక కావడం, ప్లాస్టిక్ పలక రావడంతో మార్కాపురం పరిశ్రమ దెబ్బతింది. ఇప్పుడు పలక ప్రధానంగా అక్షరాభ్యాసంనాడు బాసరలో, ఇంటి పూజగదిలో కనిపిస్తుంది. మర్నాటి బడిసంచీలో ఉండేది నోటుపుస్తకం.

6. సికింద్రాబాదు: రెండు దిశల రాత

పైన చెప్పినది మద్రాసు రాజధాని కథ. బోయిగూడ ఉన్న చోటు దానికి పూర్తిగా లోబడినది కాదు, పూర్తిగా బయటిది కూడా కాదు. 1945 వరకు సికింద్రాబాదు వ్యవహారాలు బ్రిటిష్ ఆధీనంలో నడిచాయి. హుస్సేన్‌సాగర్ దాటితే నిజాం విద్యాశాఖ. 1862లో పులిపాటి సోమసుందరం మొదలియారు చొరవతో స్థాపితమై తర్వాత మహబూబ్ కళాశాలగా ప్రసిద్ధమైన పాఠశాల ఈ పట్టణంలో ఇంగ్లీషుతోపాటు దేశభాషల చదువుకు నెలవయింది. సాగర్‌కు ఆవల పరిస్థితి వేరు. 1884లో పారశీకం స్థానంలో ఉర్దూ రాజభాష కావడంతో సర్కారుబడిలో రాత అంటే కుడి నుంచి ఎడమకు సాగే రాత. తెలుగు చదువు చాలావరకు ఖాన్గీబడుల పాలు; జనం నోట అది ‘కానిగిబడి’.

ఉర్దూ రాతకూ తుడిచే తలమే ఆధారం. తఖ్తీ అనే చెక్కకు ముల్తానీమట్టి పూసి ఆరబెట్టి, రెల్లుకలంతో సిరారాత రాసి, కడిగి, మళ్లీ పూత పూసేవారు. ఆ అభ్యాసాన్ని మష్క్ అన్నారు. అందమైన రాతను ఖుష్‌ఖత్ అన్నారు. ఏటవాలుగా చెక్కిన కలంపాళీ ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా గీస్తుంది కాబట్టి ఆ రాత అందం గీత మందంలో ఉంది. గంటానికి ఆ భేదం లేదు. తెలుగురాత అందాన్ని మన పెద్దలు గుండ్రదనంలో, అక్షరాల మధ్య సమానమైన ఎడంలో వెదికారు. రెండూ నేర్చిన తెలంగాణ విద్యావంతుల తరం ఒకటి ఉంది. ఉదయం కుడిచేతి వాటంగా, సాయంత్రం ఎడమ నుంచి రాసిన ఆ చేతుల మీద ప్రత్యేక పరిశోధన జరగవలసి ఉంది.

ఆ సహజీవనం భాషలో ఒక ముద్ర వదిలింది. మన రాతకు సంబంధించిన మాటలను రెండు కుప్పలుగా పోసి చూస్తే అది తెలుస్తుంది. అక్షరం, గుణింతం, పలక, బలపం, దిద్దు, ఒత్తు, తలకట్టు ఒక కుప్ప. కలం, కాగితం, దస్కతు, దస్తూరి, దస్తావేజు, నిశానీ, రుజువు మరో కుప్ప. మొదటివి సంస్కృతం నుంచో ద్రావిడమూలం నుంచో వచ్చినవి. రెండోవి పారశీకం, అరబీల నుంచి కచేరీల ద్వారా చేరినవి. మొదటి కుప్పలోవి నేర్చుకునే రాతకు, రెండో కుప్పలోవి నిలిచి సాక్ష్యమిచ్చే రాతకు చెందినవి. చేతిరాతకు ‘దస్తూరి’ అనే కచేరీమాట స్థిరపడిందంటే, రాతను గుర్తింపుచిహ్నంగా చూసే దృష్టి కూడా దానితోపాటు వచ్చిందనుకోవాలి. నిశానీ వేసేవాడు, దస్కతు చేసేవాడు అనే విభజన జాగీరు కాలంలో భూమి దక్కడానికీ పోవడానికీ మధ్య గీత.

అరుగుబడి మూసిన తలుపును జంటనగరాల్లో తెరవజూసినవారిలో భాగ్యరెడ్డివర్మ ముఖ్యుడు. 1910లో హైదరాబాదు ఇసామియాబజారులో దళితుల పిల్లల కోసం ఆయన బడి ప్రారంభించాడు. తర్వాతి రెండు దశాబ్దాల్లో ఆయన కృషితో జంటనగరాల్లో తెలుగు మాధ్యమంలో ఆది హిందూ పాఠశాలలు వరుసగా వెలిశాయి. పలక పట్టే హక్కే లేనివారికి దస్తూరి అందం రెండో సంగతి. 1920లలో ఖాన్గీబడులకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన నిజాం ప్రభుత్వ నిబంధనలకు వ్యతిరేకంగా ఆంధ్రోద్యమం గొంతెత్తినప్పుడు, ఆ వాదన వెనుక ఉన్నది కూడా ఇదే: తన భాషలో తన పేరు రాసుకోగలగడం.

7. రాత, రచన

కాంప్‌బెల్ మెచ్చుకున్న బడిలోనే అతడు ఎత్తిచూపిన పెద్దలోపం ఒకటుంది. పిల్లలు పద్యాలను చిలకల్లా వల్లెవేస్తారు, అందంగా రాస్తారు. వాటి భాష వాడుకభాషకు దూరం కావడంతో అర్థం తెలియదు. రాయడం వచ్చు, తనమాట రాయడం రాదు. ఎనభై సంవత్సరాల తర్వాత ఉత్తరసర్కారులో పాఠశాలల పరీక్షాధికారిగా ఉన్న జె.ఎ. యేట్స్ పుస్తకాల తెలుగుకూ జనం తెలుగుకూ ఇంత ఎడమెందుకని అడిగితే, గిడుగు రామమూర్తి ఆ ప్రశ్నను ఉద్యమంగా మలిచాడు. 1910ల నాటి వివాదం స్కూలు ఫైనలు విద్యార్థి వ్యాసాన్ని ఏ తెలుగులో రాయాలన్నదాని చుట్టూ తిరిగింది. మనం దానిని గ్రాంథిక వ్యావహారిక పోరుగా మాత్రమే చెప్పుకుంటాం. ప్రాథమిక తరగతుల వైపు నుంచి చూస్తే, రాతకూ రచనకూ మధ్య తెగిన తాడును కలిపే ప్రయత్నం అది. ఆ వాదం పైతరగతుల్లో గెలిచింది గాని కిందితరగతుల్లోకి దిగలేదు. అక్కడ చూచిరాత రాజ్యమే సాగింది. 1984లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కృత్యాధార బోధనను ముందుకు తెచ్చింది. అక్షరమాలకు బదులు పదాలతో మొదలుపెట్టే వాచకాలు కూడా వచ్చాయి. అయినా సాయంత్రం ఇంటికి వెళ్లే పని పదిసార్లు చూసి రాయడమే.

8. నేటి బోయిగూడ తరగతిగది

2018లో తెలంగాణ ప్రభుత్వం చట్టం చేసి అన్ని పాఠశాలల్లో తెలుగు బోధనను తప్పనిసరి చేసింది. 2022–23 నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించింది. ఒకపుట తెలుగు, ఎదుటిపుట ఇంగ్లీషుగా ద్విభాషాపుస్తకాలు వచ్చాయి. అదే ఏడాది ఆగస్టు 15న ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లల కనీస చదువు, రాత, లెక్కల కోసం ‘తొలిమెట్టు’ కార్యక్రమం మొదలైంది. ఈ మూడు నిర్ణయాలూ కలిసే చోటు ఒకటో తరగతి పిల్లవాడి కుడిచేయి.

ఆ చేతికి ఎదురయ్యే ఇబ్బంది చాలా భౌతికమైనది. ఇంగ్లీషుకు నాలుగుగీతల కాపీ ఉంది. ఆ గీతలు ఆ లిపి కొలతలకు పుట్టినవి. దేవనాగరిలో అక్షరం పైగీతకు వేలాడుతుంది. తెలుగక్షరం ఏ గీతకూ వేలాడదు. నడుమ కూర్చొని, తలకట్టుగా గుడిగా పైకి, ఒత్తుగా కిందికి పెరుగుతుంది. ఒంటిగీత నోటుపుస్తకంలో ‘స్త్రీ’, ‘క్ష్మి’ వంటివి రాయగానే ఒత్తు కిందిగీతను దాటి, ఆ వరుసలోని గుడినో తలకట్టునో ఢీకొంటుంది. పిల్లవాడు ఒత్తులను కుదించి ముద్దచేస్తాడు. ఉపాధ్యాయుడు దస్తూరి బాగాలేదంటాడు. తప్పు చేతిది కాదు, గీతది. ఇంట్లో హిందీ మాట్లాడే పిల్లవాడు అన్న పుస్తకంలోని దేవనాగరి చూసి తెలుగక్షరాలనూ పైగీతకు తగిలించి రాస్తే అదీ అశ్రద్ధ కింద జమ అవుతుంది. ఇసుకకూ పలకకూ గీతలు లేవు. అక్షరం తనకు కావలసినంత చోటు అక్కడ తానే తీసుకునేది.

చట్టం ప్రకారం ప్రాథమిక స్థాయిలో 30 మందికి ఒక ఉపాధ్యాయుడుండాలి. బళ్లారి వీధిబడిలో సగటు పన్నెండు. పన్నెండుమంది వేళ్లు పట్టుకొని దిద్దించడం పంతులుకు సాధ్యమే. అంతకుమించినప్పుడు పెద్దపిల్లలు సాయపడేవారు. ముప్పైమంది ఉన్న గదిలో, అందులోనూ రెండు లిపులు నేర్పవలసిన గదిలో, ఉపాధ్యాయురాలికి మిగిలేది పుస్తకాలు పోగుచేసి ఎర్రసిరాతో దిద్దడమే. ఆమెను తప్పుపట్టి ప్రయోజనం లేదు. ఆమె పనికి రుజువు అడిగే వ్యవస్థ 1868 నుంచీ రూపం మార్చుకుంటూ నడుస్తున్నది.

కొన్ని ప్రభుత్వ పాఠశాలల్లో గోడల కిందిభాగానికి, పిల్లల భుజమెత్తున, నల్లరంగు పూసి ప్రతి పిల్లవాడికీ కొంత చోటు ఇచ్చే ఏర్పాటు ఉంది. కాంప్‌బెల్ చూసిన బొగ్గుపూత చెక్కకు ఇది నేరుగా వారసురాలు. అక్కడ పిల్లవాడు నిలబడి భుజం కదిలించి రాస్తాడు. ఒత్తుకు కావలసినంత దిగుతాడు. తప్పయితే అరచేత్తో తుడిచి మళ్లీ రాస్తాడు. పక్కవాడు చూసి చెబుతాడు. గదికి కొత్తగా సున్నం వేసినప్పుడు మొదట మాసిపోయేదీ, సుద్దముక్కలు తక్కువైనప్పుడు మొదట ఆగిపోయేదీ ఆ గోడరాతే. తనిఖీకి వచ్చిన అధికారి తిరగేసేది అభ్యాసపుస్తకాలను. ఉదయం ఆ గోడమీద ఎవరు ఏమి రాసి, ఎన్నిసార్లు తుడిచి, చివరకు ఎలా రాశారో చూపడానికి ఆ వేళకు అక్కడ ఏమీ ఉండదు.